ఒక సినిమా, రెండు బాంబులు, కథలోకి రాని మూడోది

అమెరికా తొలి అణుబాంబులు తయారుచేసిన ప్రయోగశాలకు అధిపతి ఓపెన్‌హైమర్. ఆయన జీవితం మీద 2023లో వచ్చిన సినిమా మన థియేటర్లలోనూ బాగా ఆడింది. అది చూసి, ఇదే కథను ఇంతకుముందు ఎవరైనా తీశారా అని వెతికినవాళ్లకు తగిలే పేరు ‘ఫ్యాట్ మ్యాన్ అండ్ లిటిల్ బాయ్’. 1989 నాటి సినిమా. బ్రిటన్‌లో దీన్నే ‘షాడో మేకర్స్’ పేరుతో విడుదల చేశారు. దర్శకుడు రోలండ్ జోఫీ, ఆ తర్వాత కోల్‌కతా వచ్చి ఓంపురి, షబానా ఆజ్మీలతో సినిమా తీసినాయన. జనరల్ గ్రోవ్స్‌గా పాల్ న్యూమన్, ఓపెన్‌హైమర్‌గా డ్వైట్ షుల్ట్స్ నటించారు. సంగీతం ఎన్నియో మోరికోనే. ఇంతమంది ఉద్దండులున్నా డబ్బులు రాలేదు.

సినిమా చూసినవాళ్లకు కొన్ని సందేహాలు మిగిలిపోతాయి. బాంబులు రెండు రకాలు ఎందుకు? ఎడారిలో ఒక్క రకాన్నే ఎందుకు పరీక్షించారు? ఆ కుర్ర శాస్త్రవేత్త నిజంగానే అలా చనిపోయాడా? జపాన్ మీద వెయ్యాలని నిర్ణయించింది ఎవరు? ఇవి వేర్వేరు ప్రశ్నల్లా కనిపిస్తాయి గానీ అన్నిటి వేరూ ఒక్కచోటే ఉంది. ఏ లోహం, ఎంత, ఏ నెలకు చేతికొచ్చింది అన్న లెక్కలో. సినిమా ఈ కథను ఇద్దరు మగవాళ్ల పంతంగా చూపిస్తుంది: ఒకవైపు తరిమే సైనికాధికారి, ఇంకోవైపు ఊగిసలాడే శాస్త్రవేత్త. చరిత్రలో ఆ ఇద్దరినీ కలిపి తరిమింది ఆ లోహాల లెక్క.

## తెర మీద ఉన్న కథ

1942 సెప్టెంబర్. పెంటగాన్ భవన నిర్మాణాన్ని నడిపించిన లెస్లీ గ్రోవ్స్‌కి యుద్ధరంగానికి వెళ్లాలని కోరిక. దానికి బదులు అణుబాంబు తయారుచేసే రహస్య పథకం, మాన్‌హట్టన్ ప్రాజెక్టు, అప్పగిస్తారు. ఆయన ఓపెన్‌హైమర్‌ని ఎంచుకుంటాడు. న్యూ మెక్సికోలో, సముద్రమట్టానికి ఏడు వేల అడుగులకు పైన ఉన్న లాస్ ఆలమోస్ పీఠభూమి మీద ప్రయోగశాల లేస్తుంది. ఇంతవరకూ జరిగిన సంగతే. ప్రేయసి జీన్ టాట్‌లాక్‌తో ఓపెన్‌హైమర్ అనుబంధం, 1944 జనవరిలో ఆమె మరణం కూడా నిజమే.

కల్పితం ఎక్కడంటే, జాన్ క్యూసాక్ వేసిన మైకేల్ మెరిమన్ పాత్ర. కుర్రవాడు, ఒక నర్సుతో ప్రేమలో పడతాడు, ప్రయోగంలో రేడియేషన్ తగిలి చనిపోతాడు. ఆ పేరుతో లాస్ ఆలమోస్‌లో ఎవరూ లేరు. ఇద్దరు అసలు మనుషుల చావులను కలిపి ఈ పాత్రను అల్లారు. వాళ్ల సంగతికి తర్వాత వద్దాం. ముందు భౌతికశాస్త్రం కాస్త తెలియాలి, లేకపోతే ఆ చావుల అర్థం కూడా అందదు.

## 64 కిలోల్లో పేలింది ముప్పావు కిలో

కొన్ని బరువైన పరమాణువుల కేంద్రకాన్ని న్యూట్రాన్ తాకితే అది రెండు ముక్కలవుతుంది. ఇది కేంద్రక విచ్ఛిత్తి. శక్తి వస్తుంది, దాంతోపాటు మరో రెండు మూడు న్యూట్రాన్లు బయటికొస్తాయి. అవి ఇంకొన్ని కేంద్రకాలను తాకితే అది శృంఖలా చర్య. లోహపు ముద్ద చిన్నదైతే న్యూట్రాన్లు దేన్నీ తాకకుండానే బయటికి జారిపోతాయి, చర్య ఆగిపోతుంది. చర్య దానంతటదే నిలబడడానికి కావలసిన కనీస పరిమాణమే క్రిటికల్ మాస్. చుట్టూ ఏ కవచమూ లేని యురేనియం-235 గోళానికి అది సుమారు 52 కిలోలు.

ఒక లెక్క వేసి చూద్దాం. హిరోషిమా బాంబు శక్తి సుమారు 15 కిలోటన్నులు, అంటే టీఎన్‌టీ అనే పేలుడు పదార్థం 15 వేల టన్నులతో సమానం. ఒక్కో విచ్ఛిత్తికి వచ్చే శక్తితో దీన్ని భాగిస్తే దాదాపు 2 పక్కన 24 సున్నాలన్ని పరమాణువులు చీలాయని తేలుతుంది. అన్ని పరమాణువుల బరువు సుమారు ముప్పావు కిలో. బాంబులో ఉన్న యురేనియం మాత్రం 64 కిలోలు. నూటికి తొంభై ఎనిమిది పాళ్లకు పైగా చీలకుండానే గాల్లో కలిసిపోయింది. ఐన్‌స్టీన్ సూత్రం ప్రకారం పూర్తిగా శక్తిగా మారిన ద్రవ్యరాశి ఒక గ్రాము కూడా లేదు, 0.7 గ్రాములు.

ఇక కాలం లెక్క. ఒకటి రెండై, రెండు నాలుగై, ఇలా ఎనభై సార్లు రెట్టింపైతే పై సంఖ్య దగ్గరికి వస్తాం. ఒక్కో రెట్టింపుకు పట్టేది సెకనులో పది కోట్లవ వంతు. మొత్తం తతంగం ఒక మైక్రోసెకను (సెకనులో పది లక్షలవ వంతు) లోపే ముగుస్తుంది. అందులోనూ శక్తిలో సగం చివరి రెట్టింపులో, దాదాపు మొత్తం చివరి పదింటిలో వస్తుంది. కాబట్టి బాంబు తయారీలో అసలు చిక్కు గొలుసును మొదలుపెట్టడం కాదు. ఆ చివరి కొన్ని రెట్టింపులు పూర్తయ్యేదాకా లోహాన్ని విడిపోకుండా ఒక్కచోట ఉంచడం.

## తుపాకీ యురేనియానికి సరిపోయింది, ప్లుటోనియానికి సరిపోలేదు

1943 ఏప్రిల్‌లో లాస్ ఆలమోస్ పని మొదలైనప్పుడు అందరి మనసులో ఉన్నది తేలికైన ఉపాయం. క్రిటికల్ మాస్ కంటే తక్కువున్న రెండు ముక్కలు తీసుకుని, ఒకదాన్ని ఫిరంగి గొట్టంలోంచి రెండోదాని మీదికి పేల్చడం. రెండూ కలిసిన క్షణాన న్యూట్రాన్లు అందిస్తే చాలు. హిరోషిమా మీద వేసిన ‘లిటిల్ బాయ్’ ఇదే.

ప్లుటోనియానికీ ఇదే పద్ధతి అనుకున్నారు. 17 అడుగుల పొడవున్న ఆ బాంబుకు ‘థిన్ మ్యాన్’ అని పేరు పెట్టారు. అది సినిమా పేరులో లేకపోవడానికి కారణం, దాన్ని మధ్యలోనే వదిలేయాల్సి రావడం. ఆ వదిలెయ్యడమే లాస్ ఆలమోస్ చరిత్రలో అన్నిటికంటే పెద్ద మలుపు అని నా అభిప్రాయం.

ప్లుటోనియం ప్రకృతిలో తవ్వితే దొరికేది కాదు. రియాక్టర్‌లో యురేనియం-238 ఒక న్యూట్రాన్‌ను మింగితే, రెండు మార్పుల తర్వాత ప్లుటోనియం-239 అవుతుంది. అది అక్కడే ఉండి మరో న్యూట్రాన్‌ను మింగితే ప్లుటోనియం-240 అవుతుంది. ఈ 240తోనే తంటా. ఎవరూ తాకకుండానే దాని కేంద్రకాలు వాటంతటవే చీలుతూ న్యూట్రాన్లు వదులుతుంటాయి. ప్రయోగశాలలో సైక్లోట్రాన్‌తో (కణాలను వేగంగా తిప్పి లక్ష్యాన్ని కొట్టించే యంత్రం) చేసిన చిటికెడు ప్లుటోనియంలో ఈ మలినం దాదాపు లేదు. 1944 వసంతంలో రియాక్టర్ నుంచి వచ్చిన నమూనాలను ఎమిలియో సెగ్రే బృందం కొలిచినప్పుడే విషయం బయటపడింది.

పది కిలోల ప్లుటోనియంలో నూటికి ఒక పాలు 240 ఉందనుకోండి. అంటే వంద గ్రాములు. గ్రాముకు సెకనుకు సుమారు వెయ్యి న్యూట్రాన్ల చొప్పున సెకనుకు లక్ష. ఫిరంగి పద్ధతిలో ముక్కలు క్రిటికల్ అయ్యింది మొదలు పూర్తిగా కలిసేదాకా దాదాపు ఒక మిల్లీసెకను, అంటే సెకనులో వెయ్యో వంతు, పడుతుంది. ఆ మిల్లీసెకనులో తిరిగే పిలవని న్యూట్రాన్లు వంద. అందులో ఒక్కటి చాలు, ముక్కలు సగం కూడా కలవకముందే గొలుసు మొదలై, వేడికి విడిపోయి, బాంబు తుస్సుమంటుంది. గొట్టంలో వేగం మరికాస్త పెంచినా ఈ లెక్క మారదు. అదే లిటిల్ బాయ్‌లోని యురేనియంలో ఇలాంటి న్యూట్రాన్ సగటున ఐదారు మిల్లీసెకన్లకు ఒకటి. అందుకే దానికి ఫిరంగి చాలింది.

1944 జూలైలో థిన్ మ్యాన్‌ను పక్కనపెట్టారు. ఆగస్టులో ప్రయోగశాల మొత్తాన్ని కొత్త విభాగాలుగా పునర్వ్యవస్థీకరించారు. అప్పటిదాకా సెత్ నెడ్డర్‌మేయర్ ఓ మూల చేసుకుంటున్న ప్రయోగం ఒక్కసారిగా ప్రధానమైంది.

## అన్ని వైపుల నుంచీ ఒకేసారి నొక్కడం

నెడ్డర్‌మేయర్ ఆలోచన ఇది. క్రిటికల్‌కు కొంచెం తక్కువున్న ప్లుటోనియం గోళం చుట్టూ పేలుడు పదార్థం అమర్చి, అన్ని వైపుల నుంచీ ఒకేసారి లోపలికి నొక్కాలి. లోహం కుదించుకుపోతే పరమాణువులు దగ్గరవుతాయి, న్యూట్రాన్లు తప్పించుకునే అవకాశం తగ్గుతుంది, అదే గోళం క్రిటికల్ దాటిపోతుంది. ఇదంతా మిల్లీసెకన్లలో కాదు, కొన్ని మైక్రోసెకన్లలో జరుగుతుంది. పిలవని న్యూట్రాన్ అంత తక్కువ వ్యవధిలో దూరే అవకాశం బాగా పడిపోతుంది.

వినడానికి బావుంది. చెయ్యడానికి పిండి ముద్దను గుప్పిట్లో బిగిస్తే ఏమవుతుందో అదే అయ్యేది, వేళ్ల సందుల్లోంచి బయటికి తన్నుకొచ్చినట్టు. ఒక వైపు పేలుడు అలలు మిగతావాటికంటే ముందు చేరితే గోళం గుండ్రంగా కుదించుకోదు, వంకరగా చీలిపోతుంది. వేగంగా మండే పేలుడు పదార్థాన్నీ నెమ్మదిగా మండేదాన్నీ కలిపి కటకాల్లా మలిచి, బయటికి ఉబ్బే అలను లోపలికి వంచాలన్నది జవాబు. గణితం వైపు జాన్ వాన్ నోయ్‌మన్, పేలుడు పదార్థాల వైపు జార్జ్ కిస్తియాకోవ్‌స్కీ దీని మీద పడ్డారు. అలాంటి ముక్కలు 32. అన్నీ ఒకే క్షణంలో అంటుకోవాలి. పోతపోసినప్పుడు కొన్ని ముక్కల్లో మిగిలిపోయిన గాలి బుడగలను కిస్తియాకోవ్‌స్కీ పరీక్షకు ముందు వారంలో ఒక రాత్రి చాలాసేపు పళ్ల డాక్టర్ వాడే డ్రిల్‌తో తొలిచి, కరిగించిన పదార్థంతో నింపాడట. పేలుడు పదార్థం మీద డ్రిల్!

నాగసాకి మీద వేసిన ఈ రకం బాంబు, ‘ఫ్యాట్ మ్యాన్’, పొట్ట ఎందుకంత పెద్దదో ఇప్పుడు అర్థమవుతుంది. లోపలి ప్లుటోనియం ఆరు కిలోల పైచిలుకే, చేతుల్లో పట్టేంత. దాన్ని నొక్కే సరంజామా అంతా కలిపితే నాలుగున్నర టన్నులు దాటుతుంది.

ఎడారిలో ఒక్క రకాన్నే పరీక్షించడానికి కారణమూ ఇదే. ఫిరంగి బాంబు మీద ఎవరికీ అనుమానం లేదు, పైగా పరీక్షకు తగలేయడానికి అంత యురేనియం లేదు. నొక్కే బాంబు మీద నమ్మకం లేదు. అది విఫలమైతే ప్లుటోనియం చెదిరిపోకుండా పట్టుకోవడానికి ‘జంబో’ అని 200 టన్నులు దాటే ఉక్కు పాత్రను కూడా చేయించారు, చివరికి వాడలేదు. కిస్తియాకోవ్‌స్కీ తన నెల జీతం, ఓపెన్‌హైమర్ పది డాలర్లు పందెం కాసుకున్నారు. 1945 జూలై 16 ఉదయం 5:29కి ఆ పరీక్ష బాంబు, ‘ట్రినిటీ’, పేలింది. ఓపెన్‌హైమర్ పది డాలర్లు పోగొట్టుకున్నాడు.

మన దగ్గర ఎప్పుడూ వచ్చే ప్రశ్నకు ఇక్కడే జవాబు చెప్పేస్తాను. ఆ ఉదయం ఆయన భగవద్గీత శ్లోకం పైకి చదివినట్టు విన్నవాళ్లెవరూ చెప్పలేదు. బర్కిలీలో ఆర్థర్ రైడర్ దగ్గర సంస్కృతం నేర్చుకున్నమాట నిజం, గీత మూలంలో చదివినమాటా నిజం. పేలుడు చూసినప్పుడు పదకొండో అధ్యాయం గుర్తొచ్చిందని తర్వాత చెప్పుకున్నాడు, 1965లో టీవీ కెమెరా ముందు చెప్పిన మాటలే ఇప్పటికీ తిరుగుతున్నాయి. పక్కనే ఉన్న తమ్ముడు ఫ్రాంక్‌కు గుర్తున్న మాట, ‘పనిచేసింది’ అన్నది మాత్రమే.

## తెరకు అవతల లక్ష మంది

సినిమా దాదాపు అంతా లాస్ ఆలమోస్ చుట్టూనే తిరుగుతుంది. ఖర్చు చూస్తే బొమ్మ తిరగబడుతుంది. ప్రాజెక్టుకైన దాదాపు 200 కోట్ల డాలర్లలో లాస్ ఆలమోస్ వాటా నూటికి నాలుగు లోపే. సగం కంటే ఎక్కువ టెనెసీలోని ఓక్ రిడ్జ్‌కి పోయింది. మిగిలినదాంట్లో పెద్ద భాగం వాషింగ్టన్ రాష్ట్రంలోని హాన్‌ఫర్డ్‌కి. 1944 మధ్యలో ఒకేసారి పనిచేస్తున్నవాళ్లు సుమారు 1,25,000 మంది. వాళ్లలో అత్యధికులకు తాము ఏం తయారుచేస్తున్నామో తెలియదు.

ఎందుకంత ఖర్చు? సహజ యురేనియంలో బాంబుకు పనికొచ్చే 235 నూటికి 0.7 పాళ్లే. కాంగోలోని షింకోలోబ్వే గని నుంచి ఆ రోజుల్లో తెచ్చిన ఖనిజంలోనైనా, ఈ రోజు కడప జిల్లా తుమ్మలపల్లెలో తవ్వేదాంట్లోనైనా నిష్పత్తి అదే. 235, 238 రెండూ రసాయనికంగా ఒకటే కాబట్టి ఆమ్లాలతో విడదీయడం కుదరదు. బరువులో ఉన్న ఆ రవ్వంత తేడాతోనే వేరుచెయ్యాలి. ఓక్ రిడ్జ్‌లో పెద్ద పెద్ద అయస్కాంతాలు పెట్టి వేరుచేశారు. తీగచుట్టలకు రాగి కరువైతే అమెరికా ఖజానా నుంచి 13,000 టన్నులకు పైగా వెండి అప్పు తెచ్చారు. ఆ యంత్రాల ముందు షిఫ్టుల్లో కూర్చుని ముల్లు కదలకుండా చూసినవాళ్లు ఎక్కువగా హైస్కూల్ చదివిన ఆడపిల్లలు.

ఇంత చేస్తే 1945 వేసవికి చేతికొచ్చిన యురేనియం ఒక్క బాంబుకు సరిపడా. హాన్‌ఫర్డ్ రియాక్టర్ల నుంచి ప్లుటోనియం మాత్రం వరసగా వస్తూనే ఉంటుంది. సినిమా పేరులో రెండు బాంబులు జంటలా కనిపిస్తాయి కానీ అవి జంట కాదు. లిటిల్ బాయ్ ఒక్కసారికి కుదిరినది. ఫ్యాట్ మ్యాన్ వెనుక నడుస్తున్న ఉత్పత్తి వరస ఉంది.

## జర్మనీ పడిపోయాక పని ఎందుకు ఆగలేదు

ఈ ప్రశ్నను సినిమా నిజాయితీగానే అడుగుతుంది. హిట్లర్ ముందు తయారుచేస్తాడేమో అన్న భయంతో చేరినవాళ్లు చాలామంది. 1944 చివరికి జర్మనీ దగ్గర బాంబు లేదని తేలిపోయింది. 1945 మే 8న జర్మనీ లొంగిపోయింది. అయినా పని ఆగలేదు సరికదా, వేగం పెరిగింది.

ఆ కారణంతో లాస్ ఆలమోస్ వదిలి వెళ్లిన శాస్త్రవేత్త ఒకే ఒక్కడు, పోలండ్‌లో పుట్టిన జోసెఫ్ రాట్‌బ్లాట్. 1944 చివర్లో వెళ్లిపోయాడు. మిగిలినవాళ్లలో రాబర్ట్ విల్సన్ లాంటివాళ్లు సమావేశం పెట్టి చర్చించారు. ప్రాజెక్టుకే చెందిన షికాగో ప్రయోగశాలలో కదలిక ఎక్కువ, ఎందుకంటే అక్కడివాళ్ల పని అప్పటికే చాలావరకు ముగిసింది, ఆలోచించడానికి తీరిక ఉంది. జూన్‌లో జేమ్స్ ఫ్రాంక్ నేతృత్వంలోని బృందం, ముందు జనం లేని చోట పేల్చి చూపించమని నివేదిక ఇచ్చింది. జూలైలో లియో సిలార్డ్ రాసిన అర్జీ మీద 70 మంది సంతకం చేశారు. అది పై అధికారుల చేతుల్లో నానుతూ అధ్యక్షుడు ట్రూమన్‌ను చేరనేలేదు.

సినిమాలో ఓపెన్‌హైమర్‌ను గ్రోవ్స్ ఒత్తిడి నలిపేసినట్టు కనిపిస్తుంది. రికార్డులు కొంచెం వేరే చెబుతాయి. సిలార్డ్ అర్జీని లాస్ ఆలమోస్‌లో తిప్పవద్దన్నది ఓపెన్‌హైమరే. జూన్ 16న ఆయన, మరో ముగ్గురు భౌతికశాస్త్రవేత్తలు ఫెర్మీ, లారెన్స్, కాంప్టన్ కలిసి ఇచ్చిన సలహా స్పష్టంగా ఉంది: యుద్ధాన్ని ముగించేలాంటి ప్రదర్శన ఏదీ తమకు తోచడం లేదని, నేరుగా సైనిక ప్రయోగం తప్ప వేరే దారి కనిపించడం లేదని. బలవంతంగా రాయించుకున్న మాటలా అది లేదు.

అలాగని శాస్త్రవేత్తలంతా ఒకే మాట మీద ఉన్నారనీ అనలేం. జూలైలో షికాగోలో 150 మందిని అడిగితే, ఎక్కువమంది (46 శాతం) ఎంచుకున్న జవాబు, ‘జపాన్‌లో ఒక సైనిక ప్రదర్శన చేసి, పూర్తిగా వాడేముందు లొంగిపోవడానికి మరో అవకాశం ఇవ్వడం’. ఇది ఖాళీ దీవి మీద పేల్చమనడమా, ఒక సైనిక స్థావరం మీద వెయ్యమనడమా? రెండు రకాలుగానూ చదువుకోవచ్చు. రెండు పక్షాలూ తమకు కావలసినట్టే చదువుకున్నాయి.

ప్రదర్శన వద్దన్నవాళ్ల వాదనలో లోహం లెక్క మళ్లీ వస్తుంది. ఉన్నవి రెండే. ఒకటి చూపించడానికి వాడితే, అది పేలకపోతే, లేక పేలినా జపాన్ సైన్యం బెదరకపోతే? ఎదురు వాదన అంతే బలమైనది. హాన్‌ఫర్డ్ నుంచి ప్లుటోనియం వస్తూనే ఉన్నప్పుడు కొన్ని వారాలు ఆగితే పోయేదేమిటి? ఆ వారాల్లో రోజూ ఎంతమంది చనిపోతున్నారో అప్పటి యుద్ధ నాయకత్వం దృష్టిలో అదే జవాబు.

ఇక ట్రూమన్ నిర్ణయం. ఒక రాత్రి ఒంటరిగా కూర్చుని అవును, కాదు అని తేల్చుకున్న ఘట్టం ఏదీ లేదు. ఆయన 1945 ఏప్రిల్‌లో అధ్యక్షుడయ్యాకే ప్రాజెక్టు గురించి పూర్తిగా తెలిసింది. అప్పటికే గడియారం నడుస్తోంది. ట్రినిటీ పేలిన కొన్ని గంటలకే లిటిల్ బాయ్ భాగాలతో ఇండియానాపొలిస్ నౌక శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బయలుదేరింది. ట్రూమన్ చేసింది జరుగుతున్నదాన్ని అడ్డుకోకపోవడమేనని గ్రోవ్స్ తర్వాత రాశాడు. స్పష్టంగా పై నుంచి కలగజేసుకున్న సందర్భం ఒకటుంది. యుద్ధ మంత్రి హెన్రీ స్టిమ్సన్ పట్టుబట్టి క్యోటో నగరాన్ని లక్ష్యాల జాబితా నుంచి తీయించాడు.

## జపాన్ లొంగింది బాంబు వల్లేనా?

ఆగస్టు 6న హిరోషిమా. 8న సోవియట్ యూనియన్ జపాన్ మీద యుద్ధం ప్రకటించింది. 9న నాగసాకి, అదీ అసలు లక్ష్యమైన కొకురా మబ్బు పొగలో కనిపించకపోవడం వల్ల. 15న చక్రవర్తి హిరోహితో ప్రసంగం రేడియోలో వచ్చింది. సంవత్సరం ముగిసేసరికి హిరోషిమాలో చనిపోయినవాళ్లు సుమారు 1,40,000, నాగసాకిలో 70,000కు పైమాట అని ఎక్కువగా వాడే అంచనాలు. పది రోజుల్లో ఇన్ని జరిగితే ఏది దేనికి కారణమో విడదీయడం చాలా కష్టం.

ఒక వాదన స్టిమ్సన్ 1947లో పత్రికలో రాసినది: దండయాత్ర చెయ్యాల్సి వస్తే అమెరికన్లలోనే పది లక్షల మందికి పైగా చనిపోవడమో గాయపడడమో జరిగేది, బాంబు దాన్ని తప్పించింది. జపాన్ దీవి ఒకినావాలో జరిగిన పోరులో అప్పటికే పన్నెండు వేల మందికి పైగా అమెరికన్లు చనిపోయారు కాబట్టి భయం ఊహ కాదు. అయితే యుద్ధకాలపు సైనిక అంచనాలు చాలావరకు ఆ పది లక్షల కంటే తక్కువే.

రెండో వాదన ప్రకారం జపాన్ అప్పటికే చితికిపోయింది. మార్చిలో ఒక్క రాత్రి టోక్యో మీద వేసిన నిప్పు బాంబులకే లక్ష మంది దాకా పోయారు. బాంబు జపాన్ కోసం కాదు, స్టాలిన్‌కు చూపించడానికి అంటారు వీళ్లు. ట్రూమన్, స్టాలిన్ కలవబోతున్న పోట్స్‌డామ్ సమావేశం నాటికి ట్రినిటీ పూర్తవ్వాలని ఒత్తిడి ఉన్నమాట నిజం. కానీ స్టాలిన్ లేకపోతే వాడేవాళ్లు కాదనడానికి ఆధారం దొరకదు.

మూడోది, సోవియట్ ప్రవేశమే నిర్ణాయకమన్నది. జపాన్ నాయకత్వం మాస్కో మధ్యవర్తిత్వం మీద ఆశ పెట్టుకుంది. ఆ ఆశ ఆగస్టు 9 తెల్లవారుజామున తెగిపోయింది. అదే రోజు యుద్ధ మండలి కూర్చుంటే, నాగసాకి వార్త మధ్యలోనే వచ్చినా, ఓటు మూడుకు మూడుగా చీలిపోయింది. చివరికి చక్రవర్తి తేల్చాడు. ఆయన 15 నాటి ప్రసంగంలో కొత్త, క్రూరమైన బాంబు ప్రస్తావన ఉంది. రెండు రోజుల తర్వాత సైనికులకిచ్చిన ఆదేశంలో సోవియట్ ప్రస్తావన ఉంది. ఎవరికి ఏది చెబితే వింటారో అది చెప్పాడని నాకనిపిస్తుంది, కాబట్టి ఆ మాటలతో ఏ పక్షమూ గెలవదు. రెండు దెబ్బలూ కలిసి పనిచేశాయన్నదే ఇప్పుడు చాలామంది చరిత్రకారులు నిలబడే చోటు. హిరోషిమా తర్వాత మూడు రోజులకే నాగసాకి ఎందుకన్నదానికి మాత్రం గట్టి సమర్థన అరుదు. అక్కడ మళ్లీ కనిపించేది షెడ్యూలే. తయారైన బాంబును వాతావరణం అనుకూలించగానే వెయ్యమని ముందే ఆదేశం ఉంది, వాన సూచన చూసి అనుకున్న తేదీకి రెండు రోజులు ముందే వేశారు.

## మూడో గోళం, సినిమా మార్చిన తేదీ

ఆగస్టు 10న గ్రోవ్స్ పై అధికారులకు రాశాడు: తర్వాతి ప్లుటోనియం బాంబు 17 లేదా 18 తర్వాత వెయ్యడానికి సిద్ధం. అదే రోజు ఆ కాగితం మీద సైన్యాధిపతి మార్షల్ తన చేత్తో, అధ్యక్షుడి స్పష్టమైన అనుమతి లేకుండా వాడరాదని రాశాడు. ఇంకో లక్ష మందిని చంపే ఆలోచన భరించలేనిదని ట్రూమన్ అన్నట్టు ఆయన మంత్రి హెన్రీ వాలెస్ డైరీలో ఉంది. నెలకు మూడు చొప్పున రావాల్సిన వరస అక్కడ ఆగింది. అనుమతి కావాలనే నియమం పుట్టింది రెండు నగరాల తర్వాత.

పంపకుండా మిగిలిపోయిన ఆ 6.2 కిలోల గోళం లాస్ ఆలమోస్‌లోనే ఉండిపోయింది. ఆగస్టు 21 రాత్రి హ్యారీ డాగ్లియన్ అనే 24 ఏళ్ల భౌతికశాస్త్రవేత్త దాని చుట్టూ టంగ్‌స్టన్ కార్బైడ్ ఇటుకలు పేరుస్తున్నాడు. న్యూట్రాన్లను వెనక్కి తిప్పే ఇటుకలవి, ఎన్ని పేరిస్తే గోళం క్రిటికల్ అవుతుందో కొలవడానికి. ఒక ఇటుక చేయిజారి గోళం మీద పడింది. వెంటనే లాగేశాడు కానీ అప్పటికే ఆలస్యమైంది. 25 రోజులకు చనిపోయాడు. తొమ్మిది నెలల తర్వాత, 1946 మే 21న, అదే గోళం మీద బెరీలియం గిన్నెను స్క్రూడ్రైవర్ మొనతో ఆపి పట్టుకుని లూయిస్ స్లోటిన్ ప్రయోగం చూపిస్తుండగా స్క్రూడ్రైవర్ జారింది. తొమ్మిది రోజుల్లో పోయాడు. మెరిమన్ పాత్రకు మూలం వీళ్లిద్దరే.

సినిమా ఈ చావును ట్రినిటీకి ముందుకు జరిపింది. దాన్ని సమర్థించేవాళ్లు చెప్పేది కొట్టిపారేయలేం. యుద్ధకాలంలోనూ ఇలాంటి ప్రయోగాలు జరిగాయి. ఒట్టో ఫ్రిష్ ఒకసారి లోహపు దిమ్మల మీదికి వంగితే, ఆయన ఒంట్లోని హైడ్రోజన్ న్యూట్రాన్లను వెనక్కి కొట్టి, కొద్దిలో ప్రాణాపాయం తప్పింది. కాబట్టి ప్రమాదం అబద్ధం కాదు. రెండు గంటల సినిమాలో రేడియేషన్ అంటే ఏమిటో ఒక మనిషి శరీరం మీద చూపించాలంటే ఇలా కలపక తప్పదనీ అనొచ్చు. హిరోషిమాను చూపించకుండా ట్రినిటీతోనే ముగిసే కథకు ఆ ఒక్క శరీరమే దిక్కు.

కానీ తేదీ మార్చినప్పుడు అర్థం కూడా మారింది. తెర మీద మెరిమన్ యుద్ధపు తొందరలో, దేశం కోసం పోయినవాడు. డాగ్లియన్ ఇటుక జారేనాటికి జపాన్ లొంగిపోతున్నట్టు ప్రకటించి ఆరు రోజులైంది. స్లోటిన్ నాటికి తొందర పెట్టే శత్రువే లేడు. ఆయన చనిపోయాకే చేతులతో ఇలాంటి ప్రయోగాలు చెయ్యడం ఆపి, దూరం నుంచి యంత్రాలతో చెయ్యడం మొదలుపెట్టారు. ఆ గోళాన్ని అదే ఏడాది కరిగించి, అందులోని ప్లుటోనియాన్ని వేరే బాంబుల్లోకి పంపారు.